గ్రాఫ్ కదలనప్పుడు ముందు మన చేతులు చూసుకుందాం: థెరపీ ఫిడిలిటీని కొలిచే పద్ధతి

ఒక ఆరేళ్ల బాబు ఐదు వారాలుగా ఒకే చోట ఆగిపోయాడు. బల్ల మీద మూడు వస్తువులు పెట్టి "బంతి చూపించు" అంటే అతను బంతిని ముట్టుకోవాలి. ప్రోగ్రామ్ అంతే. గ్రాఫ్‌లో గీత 40 శాతం దగ్గర అటూ ఇటూ ఊగుతోంది తప్ప పైకి లేవడం లేదు. మూడింటిలో ఏదో ఒకటి చూడకుండా ముట్టుకున్నా 33 శాతం వస్తుంది కాబట్టి, బాబు దాదాపు ఏమీ నేర్చుకోనట్టే. మీటింగులో అందరూ ప్రోగ్రామ్ మార్చాలన్నారు. వస్తువులు తీసేసి ఫొటోలు పెడదామని ఒకరు, బాబుకు ఇది ఇంకా కష్టమేమోనని మరొకరు.

నేను మూడు రోజులు ఆ గదిలో ఒక మూల కూర్చుని చూశాను. బాబుతో ముగ్గురు థెరపిస్టులు పని చేస్తున్నారు. ఒకరు సూచన ఇచ్చిన సెకనుకే చేయి పట్టి బంతిని ముట్టిస్తున్నారు. ఇంకొకరు ఆరేడు సెకన్లు ఆగుతున్నారు, కానీ ఆ లోపు సూచనను మూడుసార్లు చెబుతున్నారు. మూడో వారు అడిగే వస్తువును ఎప్పుడూ కుడి పక్కనే పెడుతున్నారు. ముగ్గురి చేతిలోనూ ఉన్న షీటు ఒక్కటే. ముగ్గురూ పిల్లలను ప్రేమగా చూసుకునేవారే. ఆ ప్రోగ్రామ్ పనిచేయడం లేదని మేము తేల్చేశాం గానీ, నిజానికి అది ఆ బాబుకు ఇంకా అందనే లేదు.

పదకొండేళ్లుగా బిహేవియర్ థెరపిస్టుల (పిల్లల ప్రవర్తనను గమనిస్తూ వారికి నైపుణ్యాలు నేర్పేవారి) పనిని పర్యవేక్షిస్తున్నాను. పిల్లల ప్రవర్తనను మేము సెకన్ల లెక్కన కొలుస్తాం. పెద్దలు చేసే పనిని మాత్రం "బాగానే చేస్తున్నారు" అన్న ఒక్క మాటతో వదిలేస్తాం. ఇది మా ఒక్కరి అలవాటు కాదు. పిల్లల మీద జరిగిన ప్రవర్తన చికిత్సా పరిశోధనలను గ్రెషమ్ బృందం 1993లో పరిశీలిస్తే, పద్ధతి ఎంతవరకు అమలైందో కొలిచినవి చాలా కొద్ది మాత్రమేనని తేలింది. పరిశోధకులే కొలవనప్పుడు రోజువారీ పనిలో ఉన్నవారు కొలవకపోవడం వింత కాదు. కానీ ఆ ఐదు వారాలు ఆ బాబువి. వాటిని ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

రాసిన పద్ధతికి, జరిగిన పనికి మధ్య ఉన్న దూరాన్ని కొలవడాన్నే మేము ఫిడిలిటీ చూడటం అంటాం. దాన్ని ఎలా చేయాలో, ఎక్కడెక్కడ తప్పుదారి పడతామో నాకు తెలిసినంత వరకు చెబుతాను.

మొదట షీటు

కొలత షీటుతో మొదలవుతుంది. ప్రోగ్రామ్‌ను కంటికి కనిపించే పనులుగా విడగొట్టి రాయాలి. ఒక వరుసలో ఒకే పని ఉండాలి. "బాబును ప్రోత్సహించాలి", "తగినంత సమయం ఇవ్వాలి" వంటి మాటలు రాస్తే కొలవలేం. ప్రవర్తన విశ్లేషణ రంగానికి పునాది వేసిన 1968 నాటి వ్యాసంలో బేర్, వోల్ఫ్, రిస్లీ ఇందుకు ఒక పరీక్ష చెప్పారు. శిక్షణ ఉన్న వ్యక్తి ఆ రాతను మాత్రమే చదివి, అదే పని చేసి, అదే ఫలితం తేగలగాలి. నేను దీన్ని అక్షరాలా పాటిస్తాను. ఆ పిల్లవాడిని ఎన్నడూ చూడని ఇద్దరు థెరపిస్టులకు షీటు ఇచ్చి, నన్నే పిల్లవాడిగా అనుకుని చేసి చూపించమంటాను. ఇద్దరూ రెండు రకాలుగా చేశారంటే లోపం నా రాతలో ఉన్నట్టు.

ఆ బాబు కోసం చివరికి కుదిరిన షీటు ఇది. ఒక సూచన ఇవ్వడం నుంచి దాని ఫలితం దాకా జరిగే ఒక్కో విడతను ట్రయల్ అంటాం.

1. రాసిన వరుస ప్రకారం వస్తువుల స్థానాలు మార్చారు.
2. బాబు చూపు వస్తువుల మీదికి వచ్చాకే సూచన ఇచ్చారు.
3. రాసిన మాటలతోనే, ఒక్కసారే సూచన ఇచ్చారు.
4. బాబు స్పందించే దాకా, లేదా 5 సెకన్లు పూర్తయ్యే దాకా ఏ సాయమూ చేయలేదు.
5. జవాబు సరైనదైతే 2 సెకన్ల లోపు ఇష్టమైన బొమ్మ చేతికిచ్చారు.
6. జవాబు తప్పైనా, అసలు రాకపోయినా, మారు మాట లేకుండా చేయి పట్టి సరైన వస్తువును ముట్టించారు.
7. తర్వాతి ట్రయల్‌కు ముందే డేటా రాశారు.

ఏడు వరుసలు చాలు. ఒకసారి ఇరవై ఆరు వరుసల షీటు తయారు చేశాను. దాన్ని నింపుతూ కూర్చుంటే గదిలో జరిగేది చూడటానికి నాకే తీరిక దొరకలేదు. పిల్లవాడు నేర్చుకోవడానికి, అతని క్షేమానికి ఏ పనులు నిజంగా అవసరమో అవే షీటులో ఉండాలి. థెరపిస్టు కూర్చున్న తీరు, గొంతులో ఉత్సాహం వంటివి విడిగా మాట్లాడుకోవచ్చు.

గుర్తులు పెట్టడం, లెక్క కట్టడం

ప్రతి ట్రయల్‌లో ప్రతి వరుసకూ ఒక గుర్తు పెడతాను: చేశారు, చేయలేదు, అవకాశం రాలేదు. ఈ మూడో గుర్తును చాలామంది వదిలేస్తారు. జవాబు సరైనదైతే ఆరో వరుసకు అవకాశమే లేదు. దానికి "చేశారు" అని పెడితే చేయని పనికి మార్కులు పడతాయి. "చేయలేదు" అని పెడితే థెరపిస్టుకు అన్యాయం జరుగుతుంది. అవకాశం రాని గడిని లెక్కలోంచి పూర్తిగా తీసేయాలి.

ఇప్పుడు ఒక సెషన్‌ను లెక్క కట్టి చూద్దాం. ట్రయల్స్ 10. బాబు ఆరింట సరిగ్గా చెప్పాడు, నాలుగింట తప్పాడు. ప్రతిసారీ అవకాశం ఉండే వరుసలు ఐదు కాబట్టి 50 గడులు. ఐదో వరుసకు 6 అవకాశాలు, ఆరో వరుసకు 4. మొత్తం 60. థెరపిస్టు అన్నీ చక్కగా చేశారు, కానీ బాబు తప్పు చేసిన నాలుగుసార్లూ సాయం చేయకుండా తర్వాతి ట్రయల్‌కు వెళ్లిపోయారు. అప్పుడు 60కి 56 సరైనవి, అంటే 93 శాతం. చూడగానే ఎవరైనా మెచ్చుకునే అంకె.

అదే సెషన్‌ను ట్రయల్ మొత్తం లోపం లేకుండా జరిగిందా అన్న లెక్కన చూస్తే 10కి 6, అంటే 60 శాతం. వరుసల వారీగా చూస్తే ఆరో వరుస సున్నా. తప్పు చేసినప్పుడు సరైనదేమిటో ఈ బాబుకు ఎవరూ చూపించలేదన్న మాట. 93 అన్న అంకె ఆ సంగతిని కప్పేస్తుంది. అందుకే మొత్తం శాతాన్ని నేను ఒంటరిగా ఎవరికీ పంపను. వరుసల వారీ శాతాలు పక్కనే ఉండాలి. ఒక్క అంకె మాత్రమే అడిగేవారికి ట్రయల్ మొత్తం లెక్కను ఇస్తాను. అది కఠినంగా ఉంటుంది, కానీ లోపాన్ని దాచదు.

మామూలు వరుసలకు 80 లేదా 90 శాతాన్ని హద్దుగా పెట్టుకునే ఆనవాయితీ ఉంది. భద్రతకు సంబంధించిన వరుసలను మాత్రం ఈ లెక్కలో కలపకూడదు. తలను గోడకు కొట్టుకునే పాప పక్కన ఎవరు నిలబడాలి, చిన్న వస్తువులను నోట్లో పెట్టుకునే బాబు బల్ల మీద ఏమి ఉండకూడదు, ఇలాంటి వాటికి 90 శాతం అంటే పదిసార్లలో ఒకసారి ప్రమాదం. వాటిని షీటు పైభాగంలో విడిగా రాస్తాను. ఒక్కటి తప్పినా ఆ పూటే ఆగి మాట్లాడుకుంటాం.

చేయనిది, చేయకూడనిది

షీటులో ఉన్నది చేయకపోవడం ఒక రకం తప్పు. షీటు వద్దన్నది చేయడం ఇంకో రకం. మామూలు చెక్‌లిస్టు మొదటిదాన్నే పట్టుకుంటుంది.

మనుషుల దృష్టి కోసం గట్టిగా అరిచే ఒక పాప ఉండేది. అరిచినప్పుడు స్పందించకూడదు, తనతో మాట్లాడమని అడిగే కార్డు చేతికిస్తే వెంటనే ఆమె వైపు తిరిగి మాట్లాడాలి. ఇదీ పద్ధతి. పాప కార్డు ఇచ్చిన ఇరవైసార్లలో థెరపిస్టు రెండుసార్లు గమనించలేదు. అది చేయని తప్పు. అరిచిన పదిసార్లలో మూడుసార్లు "అరవకూడదు కదమ్మా" అన్నారు. అది చేయకూడని తప్పు. నా పాత షీటులో కార్డు వరుస మాత్రమే ఉంది కాబట్టి ఆ రోజు 90 శాతం వచ్చింది. పాప అరుపులు తగ్గడం లేదెందుకో మాకు అర్థం కాలేదు.

రెండింటిలో ఏది ఎక్కువ హాని చేస్తుందని అడిగితే, ఇలాంటి పద్ధతుల్లో రెండోదే. మంచి ప్రవర్తనకు ఫలితం ఇచ్చి, ఇబ్బంది ప్రవర్తనకు ఇవ్వకుండా ఉండే పద్ధతి మీద సెయింట్ పీటర్ పిప్కిన్, వోల్మర్, స్లోమన్ 2010లో ప్రచురించిన ప్రయోగాలు కూడా ఇదే చూపించాయి. కారణం ఊహించవచ్చు. అప్పుడప్పుడు మాత్రమే ఫలితం దొరికే ప్రవర్తన మొండిగా నిలబడుతుంది. పాప లెక్కలో పదిసార్లు అరిస్తే మూడుసార్లు గెలిచినట్టే. అప్పటి నుంచి నా ప్రతి షీటు చివర "వద్దన్న పని జరిగిందా, ఏమిటి, ఎన్నిసార్లు" అన్న ఖాళీ వరుస ఉంటుంది. పక్కన మాటల్లో రాయడానికి చోటు వదులుతాను, ఎందుకంటే మనుషులు ఏమి చేస్తారో ముందే ఊహించి రాయలేం.

ఇక్కడే ఒక మాట చెప్పాలి, ఇది నా మనసుకు చాలా దగ్గరైనది. ఒకసారి ఒక థెరపిస్టుకు 100 శాతం వచ్చింది. ఆ సెషన్ పొడవునా బాబు ఏడుస్తూనే ఉన్నాడు. ఆమె షీటులో ఉన్నదే చేసింది. షీటులో లేనిదల్లా పిల్లవాడే. ఆ సాయంత్రమే రెండు వరుసలు చేర్చాను. పిల్లవాడు వద్దన్న సంకేతం ఇస్తే పని ఆపి విరామం ఇచ్చారు. పిల్లవాడు నెమ్మదించాకే మళ్లీ మొదలుపెట్టారు. సెషన్ ఆపడం కూడా పద్ధతిలో భాగమని, దానికీ "చేశారు" అన్న గుర్తు పడుతుందని సిబ్బందికి తెలియాలి. తెలియకపోతే మార్కుల కోసం ఏడుపు మీద పని కొనసాగుతుంది.

ఎప్పుడు చూడాలి, ఎవరు చూడాలి

చూస్తున్నారని తెలిస్తే ఎవరైనా మెరుగ్గా చేస్తారు. దీనికి విరుగుడు దొంగచాటుగా చూడటం కాదు. ఒకసారి నమ్మకం పోతే ఆ తర్వాత వచ్చే అంకెలన్నీ పనికిరానివే. ఈ వారంలో వస్తానని చెబుతాను, ఏ గంటకో చెప్పను. కొలత లేని రోజుల్లోనూ అదే మూలలో కూర్చుని నా పని చేసుకుంటాను. కొన్నాళ్లకు నేను గదిలో ఒక కుర్చీలా మారిపోతాను. వీడియో ఇంకా మంచిది, ఆగి మళ్లీ చూడవచ్చు. కానీ కుటుంబం, థెరపిస్టు ఇద్దరూ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, ఎప్పుడు చెరిపేస్తామో ముందే చెప్పాలి.

కొత్త థెరపిస్టునైతే వారానికి రెండుసార్లు చూస్తాను. మూడు సెషన్లు వరుసగా 90 శాతం దాటితే రెండు వారాలకు ఒకసారి. ప్రోగ్రామ్ మారినా, పిల్లవాడి గ్రాఫ్ ఆగినా మళ్లీ మొదటికి వస్తాను. ఇది నేను పెట్టుకున్న లెక్క, మీ పనిభారాన్ని బట్టి మార్చుకోండి. అన్నీ ఉదయం సెషన్లే చూడకండి. రోజు చివరి సెషన్‌లో అలసట ఎక్కువ, తప్పులూ అక్కడే ఎక్కువగా కనిపిస్తాయి.

నెలకు రెండుసార్లు మాత్రమే వచ్చే ప్రవర్తనకు సంబంధించిన పద్ధతినైతే ఎదురుచూస్తూ కూర్చోలేం. అలాంటి వాటిని నటించి చూస్తాం. నేను పిల్లవాడిని, మీరు థెరపిస్టు. టోకెన్ బోర్డులు (పిల్లవాడు సంపాదించిన బిళ్లలు అతికించే పలకలు), నిండిన డేటా షీట్లు కూడా కొంత చెబుతాయి. ఎవరి షీటు వారే నింపుకునే ఏర్పాటును మాత్రం కొలతగా నమ్మకండి. మా దగ్గర ఒక నెల అలా చేస్తే అందరికీ దాదాపు నూరే వచ్చింది. ఎవరూ అబద్ధమాడలేదు. తాము చేయాలనుకున్నదే చేసినట్టు గుర్తుంది, అంతే. కాకపోతే సెషన్‌కు ముందు వరుసలు గుర్తు చేసుకోవడానికి అది బాగా పనికొస్తుంది.

నా కళ్లను కూడా ఎవరో ఒకరు పరీక్షించాలి. ప్రతి ఐదు పరిశీలనల్లో ఒకటైనా ఇద్దరం కలిసి, ఒకరి షీటు ఒకరు చూడకుండా చేస్తాం. తర్వాత గడి గడికీ పోలుస్తాం. 60 గడుల్లో 51 కలిస్తే 85 శాతం ఏకీభావం. 80 కన్నా తక్కువైతే ఆ కొలతను ఎవరికీ చూపించం, ముందు నిర్వచనం సరిచేసుకుంటాం. మొదట్లో మా ఐదో వరుసలో "వెంటనే" అని ఉండేది. నాకు వెంటనే అంటే ఒక సెకను, నా సహోద్యోగికి నాలుగు. ఆ తేడా వల్లే "2 సెకన్ల లోపు" అన్న మాట వచ్చింది.

అంకె వచ్చాక

తక్కువ అంకె చూడగానే శిక్షణ అనుకుంటాం. ముందు కారణం అడగండి. ఒక థెరపిస్టుకు కార్డుల స్థానాలు మార్చే వరుసలో 20 శాతమే వచ్చింది. ఎందుకని అడిగితే బోర్డు చూపించింది. కార్డులు అంత గట్టిగా అతుక్కుని ఉన్నాయి, ఒక్కొక్కటి పీకి మార్చేలోపు పిల్లవాడు కుర్చీ దిగి వెళ్లిపోతున్నాడు. బోర్డు మార్చాం. ఒక్క మాట శిక్షణ లేకుండా మరుసటి వారం ఆ వరుస 90 దాటింది. పద్ధతే ఒక మనిషి చేయగలిగినదానికి మించి ఉండవచ్చు. అరుపులను పట్టించుకోకుండా కూర్చోవడం మనసుకు భరించరానిది కావచ్చు. అది తెలియక చేసే తప్పు కాదు, దానికి కావలసింది పక్కన ఇంకో మనిషి.

తెలియకపోవడమే కారణమైతే చెప్పాలి, చేసి చూపాలి, చేయించాలి, చూసి చెప్పాలి. ఈ నాలుగింటిలో మొదటిది మాత్రమే చేసి శిక్షణ అయిపోయిందనుకుంటాం. సారోకాఫ్, స్టర్మీ 2004లో ఈ నాలుగు అంగాల శిక్షణనే ముగ్గురు ఉపాధ్యాయులకు ఇస్తే, సగానికి లోపు ఉన్న వారి ఫిడిలిటీ 90 శాతం దాటింది. అయితే శిక్షణతో వచ్చింది శిక్షణతోనే నిలవదు. విట్, నోయెల్ బృందం 1997లో ఉపాధ్యాయుల మీద చేసిన అధ్యయనంలో మొదట చక్కగా సాగిన అమలు కొద్ది రోజుల్లోనే జారిపోయింది. వారి పని తీరును గ్రాఫ్‌తో సహా వారికి చూపిస్తూ మాట్లాడినప్పుడు మళ్లీ లేచింది.

అందుకే నేను ఆ పూటే మాట్లాడతాను, షీటును ఇద్దరి మధ్య పెట్టుకుని. "ఈ రోజు పది ట్రయల్స్‌లోనూ సూచన ఒక్కసారే ఇచ్చారు, పోయిన వారం ఇది నాలుగు" అంటూ మొదలుపెడతాను. తర్వాత సరిచేయవలసిన ఒక్క వరుస, ఒక్కటే. దాన్ని అక్కడే మూడుసార్లు చేయిస్తాను. మూడు రోజుల లోపు మళ్లీ వచ్చి చూస్తాను.

ఒక తప్పు చేశాను, మీరు చేయకండి. ఒక ఏడాది పేర్లతో సహా శాతాలను గోడ మీద అంటించాను. రెండు నెలల్లో అంకెలన్నీ పెరిగాయి, పిల్లల గ్రాఫులు పెరగలేదు. తీరా చూస్తే, నేను గదిలోకి రాగానే పిల్లలకు ముందే వచ్చిన పనులు తీసి చేయిస్తున్నారు. పిల్లవాడు తప్పు చేయకపోతే ఆరో వరుసకు అవకాశమే రాదు. "మేడమ్, ఆ కాగితం మీద నా పేరు చివర ఉంటే రాత్రి నిద్ర పట్టేది కాదు" అని ఒకమ్మాయి చెప్పింది. ఆ రోజే గోడ ఖాళీ చేశాను. ఇప్పుడు ఎవరి షీటు వారికి, నాకు, అంతే. జీతానికీ, సెలవులకూ దానితో సంబంధం లేదని రాసి ఇచ్చాను.

చివరగా రెండు గ్రాఫులను ఒకే కాగితం మీద పెట్టండి, పైన పిల్లవాడిది, కింద సిబ్బందిది. కింది గీత తక్కువగా ఉంటే ప్రోగ్రామ్ గురించి ఏ నిర్ణయమూ వద్దు. అది సరిగ్గా ఉండి పైది కదలకపోతే అప్పుడు ప్రోగ్రామ్ మార్చండి. కింది గీత తక్కువగా ఉన్నా పిల్లవాడు నేర్చుకుంటున్నాడంటే, షీటులో అక్కరలేని వరుసలు ఉన్నాయేమో చూడండి.

ఆ ఆరేళ్ల బాబుకు ముగ్గురూ 90 శాతం దాటడానికి తొమ్మిది రోజులు పట్టింది. తర్వాత మూడు వారాల్లో బంతి, కప్పు వచ్చాయి. దువ్వెన మాత్రం రాలేదు. కింది గీత పైనే ఉంది, కాబట్టి ఈసారి మీటింగులో ప్రోగ్రామ్ మార్చాలని నేనే అన్నాను. దువ్వెనను ముందు అతని జుట్టు మీద వాడి చూపించి తర్వాత అడిగేలా పద్ధతి మార్చాం. అదే రోజు షీటులో ఒక వరుస చేర్చి, పైన కొత్త తేదీ వేసి, పాత షీట్లన్నీ ఆ గదిలోంచి తీసేశాను.